బుగులు అంటే ఏమిటని అడగడం

నేను రిటైరై రెండేళ్లయింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఊళ్ల సర్కారు దవాఖానల్లో సైకాలజిస్టుగా పనిచేశాను. మందులు రాసేది డాక్టరు, మాట్లాడేది నేను. మాట్లాడటమే నా పని అని దవాఖానలో అందరూ అనుకునేవారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అది తప్పని తెలుసుకోవడానికి ఒక మనిషి కాలు విరగవలసి వచ్చింది.

ఈమధ్య ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. "మేడం, యాంగ్జయిటీకి ఏ పద్ధతి బాగా పనిచేస్తుంది?" అని అడిగారు. "ముందు వాళ్లు దాన్ని ఏమని పిలుస్తున్నారో వినండి" అన్నాను. వాళ్లకది జవాబులా అనిపించలేదు. మర్యాదగా టీ తాగి వెళ్లిపోయారు. ఆ పిల్లలకు చెప్పాల్సిన పూర్తి జవాబు ఇది.

నేను నమ్మి పనిచేసిన పద్ధతిని పుస్తకాల్లో నిర్మాణవాద చికిత్స అంటారు. పేరు బరువైనదే గానీ విషయం సులువు. ఏ మనిషీ లోకాన్ని ఉన్నది ఉన్నట్టు చూడడు. తనకు జరిగినవాటితో ఒక అర్థం కట్టుకుంటాడు. రేపు ఏం జరుగుతుందో ఆ అర్థంతోనే ఊహిస్తాడు. ఆ ఊహకు అందనిది ఎదురైనప్పుడు కాళ్లకింద నేల కదిలినట్టవుతుంది. కాబట్టి "నీ ఆలోచన తప్పు" అని చెప్పడం మన పని కాదు. అతను కట్టుకున్నది ఏమిటో, అది అతనికి ఎందుకు అవసరమైందో అతనితో కలిసి చూడాలి. ఆ తర్వాతే, ఇంకోలా కూడా కట్టుకోవచ్చేమో అని ఇద్దరూ వెతకాలి.

ఇక్కడ చెప్పే మనుషుల పేర్లు మార్చాను. కొన్ని వివరాలూ మార్చాను. వాళ్లు నాకు నేర్పినవి మాత్రం మార్చలేదు.

ఆరో రోజు

సుజాతది రఘునాథపల్లి దగ్గర ఒక ఊరు. ముప్పై నాలుగేళ్లు. భర్త మాధవరెడ్డి వ్యవసాయం చూసుకుంటూ, ఊరి రాజకీయాల్లో తిరుగుతూ ఉండేవాడు. రోజంతా బండి మీదే. ఆమెను జనగామ దవాఖానకు తీసుకొచ్చింది అతనే. కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"మేడం, ఈమెకు జర మీరే చెప్పాలె. పొలం కాడ ఉంటే ఫోన్, మీటింగుల కూసుంటే ఫోన్. పొద్దుందాక ఇదే కథ. నలుగుట్ల నా ఇజ్జత్ పోతున్నది."

ఆమె తల వంచుకునే చెప్పింది. "బుగులైతది మేడం. ఆయన గేటు దాటితే చాలు, పానం ఆగది."

నేను ఫైలులో 'ఆందోళన' అని రాశాను. ఆమె అన్న మాటను నా మాటగా మార్చేశాను. అదెంత పెద్ద తప్పో అప్పుడు తెలియదు. నేను పుట్టింది ఈ ప్రాంతంలోనే. మా అవ్వ రోజూ అనే మాటే 'బుగులు'. కానీ చదువుకునే రోజుల్లో హాస్టల్లో నా మాట విని నవ్వారని ఇంటి భాషను ఇంట్లోనే వదిలేశాను. రోగులతో పుస్తకంలా మాట్లాడేదాన్ని. అలా మాట్లాడితేనే గౌరవం అనుకునేదాన్ని.

సుజాతకు ఒక కాగితం ఇచ్చాను. ఒకవైపు ఆమె భయాలు, ఇంకోవైపు వాటికి రుజువులు రాయించాను. "మీ ఆయనకు ఇంతవరకు ఎన్నిసార్లు ప్రమాదం జరిగింది?" అని అడిగాను. ఒక్కసారి కూడా లేదంది. "మరి ఈ భయానికి ఆధారం ఏమిటి?" అన్నాను. ఏమీ లేదంది. నేనేమన్నా "మీరన్నది నిజమే మేడం" అంటూ తల ఊపేది. నాకు సంతోషంగా ఉండేది. నాలుగోసారి వచ్చినప్పుడు ఒక పని అప్పగించాను. పదిరోజుల పాటు భర్తకు అసలు ఫోన్ చేయకూడదు. చేయకపోయినా ఏమీ కాదని ఆమే చూడాలి. మాధవరెడ్డి నాకు రెండు చేతులా దండం పెట్టాడు.

ఆరో రోజు జనగామ నుంచి వస్తూ మలుపులో గొర్రెల మంద అడ్డొస్తే అతని బండి జారింది. కుడికాలు రెండుచోట్ల విరిగింది. ఆ సమయంలో సుజాత ఇంట్లో ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. చేయాలని చేతులు గుంజుతున్నా, నా మాట కోసం చేయలేదు. చివరికి పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చి చెప్పారు.

అతన్ని మా దవాఖానకే తెచ్చారు. మర్నాడు ఆమె నా గది గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు.

"మీ మాట ఇన్న మేడం. ఫోన్ చెయ్యలే."

అంతే. కోపంగా కూడా అనలేదు. అని వెళ్లిపోయింది.

ఫైలులో లేని మనిషి

మా విభాగానికి పెద్దగా ఉన్న మానసిక వైద్యుడిని మేమంతా సారు అనే పిలిచేవాళ్లం. గొంతు పెంచి మాట్లాడటం ఎన్నడూ చూడలేదు. ఆ రోజు నేనే గొంతు పెంచాను.

"ఫోన్ చేసినా గొర్రెలు అడ్డొచ్చేవి కదా సార్. నా సలహాకూ దానికీ సంబంధం ఏమిటి?"

"ఏం లేదు. అది నీకు తెలుసు, నాకు తెలుసు. ఆమెకు ఎట్ల కనవడ్తది?"

"ఆమె అనుకునేది తప్పు సార్."

"ఎప్పటి సంది అట్ల అనుకుంటున్నది?"

నాకు తెలియదు.

"ఆమెకు ఎవరన్న పోయిన్రా?"

తెలియదు.

"సరే. బుగులు అంటున్నది కద, బుగులంటే ఆమెకు ఏంది?"

"ఆందోళన సార్."

ఆయన ఫైలు మూసి నా ముందుకు తోశారు. "ఈ ఫైలుల మొత్తం నువ్వే ఉన్నవ్. ఆమె ఏడ లేదు. పో, తప్పయిందని చెప్పు. చెప్పినంక అడుగు."

రోగి ముందు తప్పు ఒప్పుకుంటే మన మీద నమ్మకం పోతుందని మాకు చదువులో చెప్పారు. ఆ మాట పట్టుకుని రెండు రోజులు వార్డు వైపు వెళ్లలేదు. మూడో రోజు వెళ్లాను. మాధవరెడ్డి కాలికి కట్టుతో పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను. సుజాత పక్కన స్టూలు మీద కూర్చుని బత్తాయి ఒలుస్తోంది.

"సుజాతా, నేను తప్పు చేశాను. నీ బుగులు దేనికో అడగకుండానే దాన్ని వదిలేయమన్నాను" అన్నాను.

ఆమె బత్తాయి పక్కన పెట్టింది. "గంతేనా మేడం?"

"ఇంకొకటుంది. బుగులు లేకపోతే నువ్వు ఎట్లుంటవు?" అని అడిగాను. ఆ మాట మా అవ్వతో అన్నట్టు వచ్చింది.

ప్రశాంతంగా ఉంటాను, హాయిగా ఉంటాను అంటుందనుకున్నాను. పుస్తకం ప్రకారం భయానికి ఎదురుగా ఉండేది అదే. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"బుగులు లేకపోతే పట్టింపు లేనిదాన్నైత."

తర్వాత తనే చెప్పింది. ఆమెకు పద్నాలుగేళ్లప్పుడు అన్న ఉండేవాడు. ఒకరోజు పొద్దున ఇద్దరూ ఏదో చిన్న విషయానికి పోట్లాడుకున్నారు. అన్న పొలంలో బాయికాడికి పోతూ గేటు దగ్గర ఆగి "పోయొస్త చెల్లే" అన్నాడు. ఆమె అలిగి మాట్లాడలేదు. మోటారు దగ్గర అతనికి కరెంటు షాకు కొట్టింది.

"పోయొస్త చెల్లే అన్నడు మేడం. నేను మాట్లాడలే. అప్పటి సంది ఇంట్లకెళ్లి ఎవరు పోయినా నా మాట ఎనుక పోవాలె. పోతేనే మనిషి మల్లొస్తడు. గందుకే ఫోన్. ఆయన మాట్లాడకున్నా సరే, నా మాట అందితే సాలు."

ఇరవై ఏళ్లుగా ఆమె ఇంట్లోవాళ్లను ఆ మాటతోనే కాపాడుకుంటోంది. దాన్ని నేను కాగితం మీద రెండు గళ్లు గీసి కొట్టేయబోయాను. భయం తగ్గించుకో అని నేనన్న ప్రతిసారీ, నీవాళ్ల మీద పట్టింపు లేనిదానివైపో అని ఆమెకు వినిపించింది. దానికి ఎవరు ఒప్పుకుంటారు? అయినా నా మీద గౌరవంతో తల ఊపింది.

మంచం మీద నుంచి మాధవరెడ్డి అన్నాడు. "నాకు ఎన్నడు చెప్పకపోతివి."

"నువ్వు ఎన్నడు అడగకపోతివి."

"నా మీద నమ్మకం లేక చేస్తున్నవనుకున్న. ఏడున్న, ఎవరితో ఉన్న అని పట్టుకునేటందుకు చేస్తున్నవనుకున్న."

పన్నెండేళ్ల కాపురంలో ఒకే ఫోను మోగింది. ఆమె ఒక అర్థంతో చేసింది, అతను ఇంకో అర్థంతో ఎత్తాడు. భార్యాభర్తల తగవుల్లో నేను ఎక్కువగా చూసింది ఇదే. వాళ్లు పోట్లాడుకునేది జరిగిన దాని గురించి కాదు, దానికి ఎదుటివాళ్లు ఇచ్చారని తాము అనుకున్న అర్థం గురించి.

ఆ తర్వాత ఏడెనిమిది నెలలు పట్టింది. ఫోన్లు తగ్గించమని నేను అనలేదు. మాధవరెడ్డి కర్ర పట్టుకుని నడిచే రోజుల్లోనే తనంతట తానుగా ఒకటి మొదలుపెట్టాడు. బయటికి పోయేముందు గుమ్మంలో నిలబడి "పోయొస్త" అనేవాడు. ఆమె "మంచిగ పోయిరా" అనేదాకా కదిలేవాడు కాదు. కొన్నాళ్లకు సుజాతే నాతో అంది. "పొద్దుగాల అన్న మాట మధ్యాహ్నం దాంక సరిపోతదేమో సూస్త మేడం." చూసింది. సరిపోయింది. తర్వాత సాయంత్రం దాకా చూసింది. కొన్ని రోజులు సరిపోలేదు. వాన పడితే అస్సలు సరిపోయేది కాదు.

చివరికి రోజుకు మూడు ఫోన్ల దగ్గర ఆగింది. "ఈ మూడు నాకు ఉండనియ్యిన్రి మేడం" అంది. ఉండనిచ్చాను. నయమైందని ఫైలులో రాయలేదు. అన్న గురించి ఇప్పుడు పిల్లలకు చెబుతోంది, అతని ఫోటో ఇంట్లో పెట్టింది. అది రాశాను.

గౌరవం అనే మాట

మహబూబాబాద్‌లో నా పై అధికారి మంచివాడే గానీ తొందర మనిషి. "పది నిమిషాలు ధైర్యం చెప్పి పంపించండమ్మా, బయట లైను చూడండి" అనేవాడు. లైను నిజమే. కానీ ధైర్యం చెప్పడం అనేది మన దగ్గర అందరూ చేస్తారు. పక్కింటివాళ్లు, మేనమామలు, బస్సులో పక్క సీటువాళ్లు కూడా చెబుతారు. అవన్నీ విన్నాక కూడా తగ్గకపోతేనే మనిషి దవాఖానకు వస్తాడు. అక్కడ మనమూ అదే చెబితే, ఇక చెప్పుకునే చోటు లేదని తీర్మానించుకుంటాడు.

ఆ ఊరి మార్కెట్లో హోల్‌సేల్ కిరాణా దుకాణం ఉన్న కుటుంబం నుంచి కవిత వచ్చింది. దుకాణంలో కూర్చుంటే ఉన్నట్టుండి గుండెదడ, చెమటలు. గుండె పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. భర్త శ్రీనివాస్ కూడా వచ్చాడు. విడివిడిగా అడిగితే ఇద్దరూ ఒకే మాట అన్నారు. తనకు గౌరవం లేదు.

ఆ మాటను నేను అర్థమైనట్టు తీసుకోలేదు. సుజాత నేర్పిన పాఠం అది. "గౌరవం ఇస్తే అది కంటికి ఎట్ల కనవడ్తది?" అని ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగాను.

శ్రీనివాస్ అన్నాడు. "నలుగురి ముంగట నా మాటకు ఎదురు చెప్పకపోవుడు."

కవిత అంది. "ఏదన్న చేసేముందు నన్నొక మాట అడుగుడు."

ఆలోచిస్తే ఇద్దరూ ఎన్నాళ్ల నుంచో గౌరవం ఇస్తూనే ఉన్నారు. దుకాణానికి వచ్చిన గిరాకీల ముందు అతను ఆమె ఏమన్నా ఎదురు చెప్పేవాడు కాదు, ఊరుకునేవాడు. తనను లెక్కచేయడం లేదని ఆమె అనుకుంది. ఆమె ప్రతి చిన్నదానికీ అతన్ని అడిగేది. బస్తా ఎక్కడ దించాలి, ఎవరి సరుకు ముందు కట్టాలి. తన తెలివిని అందరి ముందూ పరీక్షిస్తోందని అతను అనుకున్నాడు. ఎవరికి కావలసింది వాళ్లు ఎదుటివాళ్లకు ఇస్తూ వచ్చారు. ఇది బయటపడిన రోజు ఇద్దరూ నవ్వారు. నా పని అయిపోయిందనుకున్నాను.

మూడు వారాల తర్వాత కవిత ఒంటరిగా వచ్చింది.

"ఇప్పుడు సమజైంది మేడం. ఆయనకు నేను అడుగుడే ముల్లు లెక్క. అడగకుంట, అడిగించుకోకుంట నేను ఉండలేను. కోపం లేదు. తల్లిగారింటికి పోత."

ఇక్కడ నా రెండో తప్పు. నేను ఆమె చెప్పింది వదిలేసి, కాపురం నిలబెట్టడానికి పూనుకున్నాను. ఇంకో నెల చూడమన్నాను. పెద్దలు ఏమంటారో ఆలోచించమన్నాను. ఆమె ఓపికగా విని, లేచి నిలబడి అంది. "మీరు కూడ మా దుకాణపోళ్ల లెక్కనే మాట్లాడుతున్నరు మేడం."

నోరు మూసుకున్నాను. ఒకరినొకరు అర్థం చేసుకుంటే కలిసే ఉంటారని నేను ఎక్కడా చదవలేదు. ఊరంతా కోరుకుంటున్నది కాబట్టి నేనూ కోరుకున్నాను.

ఏడాది తర్వాత బయ్యారం మీదుగా వెళ్తూ ఒక మ్యాచింగ్ సెంటర్ దగ్గర జాకెట్టు లైనింగు కోసం ఆగాను. లోపల కవిత ఉంది. తనదే దుకాణం, తల్లిగారి ఊళ్లోనే పెట్టుకుంది. నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించింది. దడ సంగతి అడిగాను.

"దడ వస్తలేదు మేడం. బాధైతే ఉన్నది. బాధ వేరు కద."

వేరే. ఆ తేడా తెలిసిన మనిషికి మనం చేయగలిగింది అయిపోయినట్టే. బాధను కూడా జబ్బులా తీసేయాలని చూసేవాళ్లు ఈ పనికి రావద్దు.

నిలబడ్డోళ్లు, ఉరికినోడు

భూపాలపల్లి నా చివరి ఊరు. రాజయ్య అక్కడే కలిశాడు. నలభై ఆరేళ్లు. భూగర్భ గనిలో పని. అతని తండ్రి కూడా గని మనిషే. కొమురయ్య అతనితో పదిహేనేళ్లుగా ఒకే షిఫ్టులో పనిచేసిన స్నేహితుడు. ఒకరోజు లోపల పైకప్పు కూలింది. రాజయ్య పరుగెత్తి బయటపడ్డాడు. కొమురయ్య పడలేదు.

నెల తర్వాత డ్యూటీకి వెళ్లిన రాజయ్య గని నోటి దగ్గర రెయిలింగు పట్టుకుని వదలలేకపోయాడు. ఊపిరి అందలేదు, వేళ్లు బిగుసుకుపోయాయి. ఇంటికి పంపారు. వారంలో మళ్లీ వెళ్లాడు, మళ్లీ అదే అయింది. అతని భార్య లక్ష్మి నా దగ్గరికి తీసుకొచ్చింది.

"మేడం, ఇంట్ల మనిషున్నడు గని మాట లేదు. పలకరిస్తే గోడ దిక్కు తిరుగుతడు."

మొదటి మూడుసార్లు నా దగ్గరా గోడ వైపే చూశాడు. నాలుగోసారి ఒక పని అడిగాను. "ముగ్గురు మనుషులను తలుచుకో రాజయ్యా. అండ్ల ఏ ఇద్దరు ఒక తీరు, ఎవరు వేరు?" ఇది మా పద్ధతిలో పాత పనే. మనిషి లోకాన్ని ఏ గీత గీసి చూస్తున్నాడో తెలుస్తుంది.

తండ్రిని, కొమురయ్యను, తనను తలుచుకున్నాడు. "మా బాపు, కొమురడు ఒక తీరు. నిలవడ్డోళ్లు. నేను ఉరికినోన్ని."

"లక్ష్మిని ఏడ పెడతవు?"

"నిలవడ్డది."

"నీ పిల్లలు?"

"ఆళ్లు నిలవడ్తరు."

"నేను?"

"మీరు గుడ."

లోకమంతా గీతకు ఒకవైపు ఉంది. రెండోవైపు తనొక్కడే.

అప్పటికే అతనికి అందరూ ధైర్యం చెప్పి ఉన్నారు. నువ్వు పిరికివాడివి కాదు, ఎవరైనా ఉరుకుతారు అని. ఆ మాటలన్నీ అతన్ని ఆ గీత మీదే ఇటు నుంచి అటు తోసేవి. తోస్తే అతను వెళ్లగలిగింది ఒక్కచోటికే. అది అతనే అన్నాడు.

"మల్ల దిగుత మేడం. దిగినంక రాకపోతే మంచిదే."

పిల్లలూ, ఇలాంటి మాట విన్నరోజు పద్ధతులన్నీ పక్కన పెట్టండి. చచ్చిపోవాలని ఉందా అని సూటిగా అడగండి. నేను అడిగాను. ఉందన్నాడు. అప్పుడే డాక్టరు గారి దగ్గరికి నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్లాను. మందులు మొదలయ్యాయి. లక్ష్మికి అన్నీ వివరంగా చెప్పాను. ఆరు వారాలు అతన్ని ఇంట్లో ఒంటరిగా ఉంచలేదు. ఆ మాట అతని నోట తగ్గాకే మళ్లీ నా ప్రశ్నల దగ్గరికి వచ్చాను.

"ఆనాడు లోపల నిలవడుడు, ఉరుకుడు కాకుండ ఇంకేం జరిగింది?"

"ఏముంటది? కూసున్నం. మాట్లాడుకున్నం."

"ఏం మాట్లాడుకున్నరు?"

అతని మొహం మారింది. "చెప్పేటియి కావు."

"ఎవరికన్న చెప్పినవా?"

"లేదు. సమ్మక్క అడుగుతదని ఆ బజారుకే పోతలేను."

సమ్మక్క కొమురయ్య భార్య. వాళ్ల ఇల్లు రెండు వీధుల అవతలే. ఆమె కంట పడకుండా రాజయ్య ప్రతిరోజూ చుట్టుతిరిగి వెళ్తున్నాడు. ఆమె మూడుసార్లు కబురు పంపిందని, పోలేదని లక్ష్మి చెప్పింది. అప్పటిదాకా అతని భయం గని అనుకున్నాను. గని ఒక్కటే కాదని అప్పుడు తెలిసింది.

"నువ్వు పోతే సమ్మక్క ఏమంటది?"

"ఉరికినోడు వచ్చిండంటది."

"ఇంకేమన్న అనొచ్చా?"

"తెల్వది."

తెలియదు అన్న మాటను తక్కువగా చూడకండి. అప్పటిదాకా అతనికి అంతా తెలుసు. తానెవరో, లోకం తనను ఏమంటుందో అన్నీ తేలిపోయి ఉన్నాయి. ఆ రోజు మొదటిసారి ఒక విషయం తేలకుండా మిగిలింది.

ఇద్దరం కూర్చుని కాగితం మీద ఒక మనిషిని రాశాం. అతను ధైర్యవంతుడు కాదు, పిరికివాడూ కాదు. చూసొచ్చిన మనిషి. తాను చూసింది, విన్నది, దాన్ని వినే హక్కున్నవాళ్లకు చెప్పేవాడు. రెండు వారాలు ఆ మనిషిలా ఉండి చూడమన్నాను. పెద్ద పనులేం వద్దు, రోజుకు ఒక సంగతి చూసి వచ్చి లక్ష్మికి చెప్పాలి. అంతే. మొదటి రోజు ఇంటికి వెళ్లి ఇలా చెప్పాడట. "బస్టాండుల ఒక ముసలవ్వ పిల్లిని సంచిల పెట్టుకొని పోతున్నది. అది తల బయటపెట్టి అందరిని సూస్తున్నది." లక్ష్మి ఆ మాట నాకు చెబుతూ ఏడ్చింది. నాలుగు నెలల తర్వాత అతను తనంతట తాను మాట్లాడిన మాట అది.

మూడో వారం రాజయ్యే అన్నాడు. "సమ్మక్క ఇంటికి పోత. మీరు గుడ రావాలె."

రోగుల వెంట ఇళ్లకు మేము వెళ్లం. ఆ నియమం మంచిదే. అయినా వెళ్లాను.

తర్వాత సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. రాజయ్య మళ్లీ గనిలోకి దిగలేదు. పైన పని ఇచ్చారు, చేస్తున్నాడు. గని నోటి దగ్గరికి పోతే ఇప్పటికీ ఊపిరి బిగుస్తుంది. తోటివాళ్లలో కొందరు ఇంకా వెటకారం ఆడతారు. వీటిలో దేన్నీ నేను మార్చలేకపోయాను.

లక్ష్మితో కలిసి మేం ముగ్గురం సమ్మక్క ఇంటికి వెళ్లింది పొద్దున పది గంటలకు. సమ్మక్క వాకిట్లో బియ్యం చెరుగుతోంది. చాట పక్కన పెట్టి లేచింది. లక్ష్మికి, నాకు కుర్చీలు వేసింది. రాజయ్య నిలబడే ఉన్నాడు.

"ఇన్ని దినాలకు యాదికొచ్చిన్నా రాజన్నా?"

"నేను ఉరికిన సమ్మక్కా."

"నాకెరుకే. అందరు చెప్పిన్రు."

సమ్మక్క గొంతులో కోపం వచ్చింది.

"ఉరికినవ్ గాబట్టే ఉన్నవ్. ఉన్నోనివి వచ్చి చెప్పవా? ఆయన ఆఖరికి ఏమన్నడో ఎవరిని అడగాలె నేను? దేవున్ని అడగాలెనా? నీకు తప్ప ఇంకెవరికి ఎరుక?"

రాజయ్య నేల మీద కూర్చుండిపోయాడు. "పెద్ద మాటేం కాదు సమ్మక్కా. గందుకే రాలే. నువ్వు ఏదో అనుకుంటవు. అది ఉత్త మాట."

"ఏమన్నడు?"

"టిఫిన్ మూత తీసిండు. బెండకాయ ఉండె. 'రాజన్నా, గిది నువ్వు తిను, నీది నాకియ్యి. నాకు బెండకాయ సయించది' అన్నడు. మరి ఇంట్ల చెప్పరాదుర అన్న నేను. 'పొద్దుగాల నాలుగింటికి లేసి వండుతది, ఎట్ల చెప్త' అన్నడు. గప్పుడే పైన సప్పుడైంది."

సమ్మక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పదహారేండ్లు తిన్నడు" అంది. "వారానికి రెండుసార్లు పెట్టిన. ఒక్కనాడు అనలే."

నవ్వు వచ్చింది ఆమెకు. ఆ నవ్వులోనే ఏడ్పూ వచ్చింది. లక్ష్మి వెళ్లి పట్టుకుంది. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని రాజయ్యకు ఎదురుగా నేల మీదే కూర్చుంది.

"మల్ల చెప్పు. ఎట్లన్నడు?"

మళ్లీ చెప్పాడు. ఆమె మళ్లీ అడిగింది. మూడోసారి చెప్పేటప్పుడు గొంతు కొమురయ్యలా పెట్టి చెప్పాడు. ఆమె తల ఊపింది. "ఔ. గట్లనే అంటడు."

మేం లేచాం. సమ్మక్క గేటు దాకా వచ్చింది.

"రాజన్నా, పోరగాండ్లు బడికి పోయిన్రు. ఆళ్లు ఇనలే. మాపటికి మల్ల రా."

"వస్త" అన్నాడు.

సాయంత్రం వెళ్లాడు. ఈసారి నన్ను రమ్మనలేదు.